బెజవాడలో ఎక్కడ పరిగెత్తాలి? బ్యారేజీ, గట్టు, కొండ, కుదిరితే సముద్రం

మా ఆడపడుచు బదిలీ మీద హైదరాబాద్ నుంచి వచ్చి భవానీపురంలో ఇల్లు తీసుకుంది. సామాన్లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, పాలవాడు కుదరలేదు, గ్యాస్ రాలేదు, కానీ ఆమె అడిగిన మొదటి ప్రశ్న "వదినా, ఇక్కడ పొద్దున్నే ఎక్కడ పరిగెత్తుతారు?" అని. నేను ఆలోచించకుండా "బ్యారేజీ" అనేశాను, అంటే కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ. బెజవాడలో ఎవరిని అడిగినా ముందు ఆ మాటే వస్తుంది. తీరా ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆరేళ్ళుగా పరిగెత్తుతున్న నేనే వారానికి ఒక్క ఆదివారం తప్ప బ్యారేజీ మొహం చూడను. మిగతా రోజులు వేరే వేరే చోట్ల. ఎందుకలా అని ఫోన్లో చెప్పబోతే ఒక్క ముక్కలో తేలలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళకీ, రేపట్నుంచి మొదలెడదాం అని మూడేళ్ళుగా అనుకుంటున్న పాతవాళ్ళకీ పనికొస్తుంది.

అసలు చిక్కేంటంటే, ఈ ఊళ్ళో కంటికి బాగుండే దారీ కాళ్ళకి బాగుండే దారీ ఒకచోట ఉండవు. నీళ్ళు కనిపించే ప్రతిచోటా కింద సిమెంటో తారో ఉంటుంది. మెత్తటి మట్టి ఉన్నచోట చుట్టూ ప్రహరీ గోడ తప్ప ఇంకేం కనపడదు. కాబట్టి "ఏది అందంగా ఉంది" అని మొదలుపెట్టకండి. ఎండ ఎటు నుంచి కొడుతుంది, బండ్లు ఎన్నింటికి మొదలవుతాయి, ఒంట్లో బాగాలేకపోతే మధ్యలో వెనక్కి తిరగొచ్చా, ఈ మూడూ చూసుకుని ఆ తర్వాత అందం సంగతి చూసుకోండి. మేలో మనకి ఐదున్నరకే తెల్లారిపోతుంది, ఆరున్నరకల్లా వీపు కాలుతుంది. జనవరిలో ఆరున్నర దాటితేగాని సూర్యుడు రాడు. ఒకే దారి ఆ రెండు నెలల్లో రెండు వేరే ఊళ్ళలా ఉంటుంది.

ముందు బ్యారేజీ సంగతి, అందరూ అడిగేది అదే కాబట్టి. పొడవు 1223.5 మీటర్లు. అంటే మన ఒడ్డు నుంచి సీతానగరం దాకా వెళ్ళి వస్తే రెండున్నర కిలోమీటర్లకి కొంచెం తక్కువ, రెండు రౌండ్లు కొడితే ఐదుకి కొంచెం తక్కువ. ఎక్కాల్సిన ఎత్తులేం లేవు, దారి తప్పే అవకాశమే లేదు. ఎక్కడ అలిసిపోతే అక్కడ రెయిలింగ్ పట్టుకుని నిలబడొచ్చు, ఎవరూ వింతగా చూడరు, ఎందుకంటే అక్కడ సగం మంది ఊరికే నిలబడి నీళ్ళు చూసేవాళ్ళే. వెళ్ళేటప్పుడు కుడిచేతి వైపు నిండుగా నీళ్ళు, ఎడంచేతి వైపు గేట్లు మూసి ఉంటే ఇసుక తిన్నెలు, మధ్యమధ్య గుంటల్లో కొంగలు. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగా ఇంద్రకీలాద్రి, తెల్లవారుజామున అయితే గుడి దీపాలు నీళ్ళల్లో వణుకుతూ కనపడతాయి. ఆ ఒక్క వంద మీటర్లూ నాకు కాళ్ళనొప్పి గుర్తుండదు, నిజంగా.

నేను అక్కడ చేసే పని ఒకటి చెప్తాను. బ్యారేజీకి 70 గేట్లు. గేటు గేటుకీ మధ్య స్తంభాలు లెక్కపెట్టుకుంటూ పోతే వాచీ అక్కర్లేదు. పది గేట్లంటే సుమారు 170 మీటర్లు. పది గేట్లు జోరుగా, పది గేట్లు నెమ్మదిగా, మళ్ళీ పది జోరుగా. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఐదు గేట్లు పరుగు, పది గేట్లు నడక అనుకోండి, అవతలి ఒడ్డుకి ఆయాసం లేకుండా చేరతారు. మొదట్లో నేను అలాగే చేరాను, ఇప్పటికీ 40 దాటాక లెక్క తప్పుతుంటుంది, అది వేరే విషయం.

మరి వారానికి ఒక్కరోజే ఎందుకంటారా. రెండు కారణాలు. ఒకటి, కాలికింద గట్టి కాంక్రీటు. 1957లో కట్టింది పరుగు పందేల కోసం కాదు కదా. 1850ల్లో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే దాని బదులు డెల్టాకి నీళ్ళివ్వడానికి కట్టిన కట్టడం ఇది, పైన రోడ్డు ఉంది కాబట్టి మనం వాడుకుంటున్నాం. మోకాళ్ళు కొంచెం తేడాగా ఉన్నవాళ్ళు అక్కడ వరుసగా నాలుగు రోజులు పరిగెత్తితే ఐదోరోజు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. రెండోది బండ్లు. లారీలూ బస్సులూ రావు, అది అదృష్టం. కానీ బైకులూ ఆటోలూ కార్లూ వస్తాయి, పైగా అవతల సచివాలయం ఉన్నందువల్ల పనిరోజుల్లో ఎనిమిది దాటితే హారన్ల మోతే. ఆదివారం ఐదూ పది, ఐదుంపావుకి వెళ్ళారంటే బ్యారేజీ మొత్తం మీదే. అవతలి ఒడ్డు నుంచి మోపెడ్ మీద పూలబుట్టలు, అరటాకుల కట్టలు వేసుకుని మార్కెట్‌కి వచ్చేవాళ్ళు ఎదురవుతారు, ఒక్కో బండి పక్కనుంచి వెళ్ళినప్పుడు తడి అరటాకు వాసన కొడుతుంది చూడండి, ఆ వాసన కోసమైనా ఒకసారి వెళ్ళాలి. విశాఖలో మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడల్లా నాకు కుళ్ళు పుడుతుంది, అక్కడ ఆర్కే బీచ్ రోడ్డు మీద పొద్దున్న కొద్దిసేపు బండ్లు ఆపేసి జనాన్ని హాయిగా నడవనిస్తారు. మనకీ కనీసం ఆదివారం ఒక గంట అలా చేస్తే ఎవరి సొమ్ము పోయింది?

సాయంత్రం బ్యారేజీ బాగుంటుందా అని అడుగుతారు. చూడ్డానికి పొద్దుటికంటే బాగుంటుంది, సూర్యుడు సరిగ్గా నీళ్ళ వైపే దిగుతాడు. పరిగెత్తడానికి మాత్రం వద్దు. ఫొటోలు తీసుకునేవాళ్ళని తప్పించుకుంటూ, బండ్ల పొగ పీలుస్తూ పరిగెత్తే కన్నా మొక్కజొన్న పొత్తు కొనుక్కుని నిలబడటం మేలు.

వరదల రోజులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. జూలై నుంచి అక్టోబరు దాకా గేట్లు ఎత్తితే జనం చూడ్డానికి వస్తారు, పరిగెత్తే చోటుండదు. బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. మొదటి హెచ్చరిక వచ్చిన రోజే నేను బ్యారేజీ, ఘాట్లు రెండూ మానేస్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి గేట్లకి తూకంగా ఉండే దిమ్మల్ని (కౌంటర్ వెయిట్లని) గుద్దాయి, అందరం టీవీలో చూశాం. అలాంటి నీళ్ళ పక్కన సెల్ఫీ జాగింగ్ పనికిరాదు. దసరా నవరాత్రుల్లో కూడా అటు వైపు ఆశ వదులుకోండి, క్యూలైన్లూ ట్రాఫిక్ మళ్ళింపులూ తప్ప ఏం మిగలదు.

ఇక నేను మామూలు రోజుల్లో వెళ్ళేది కృష్ణలంక వైపు. వరద ఇళ్ళల్లోకి రాకుండా నది పక్కన రిటైనింగ్ వాల్ కట్టారు కదా, దాని వెంబడి నడక దారి, పార్కు వచ్చాయి. అందం విషయంలో బ్యారేజీతో పోల్చితే ఒక మెట్టు కిందే. ఎందుకంటే ఇది బ్యారేజీకి దిగువ, వరద లేని రోజుల్లో నీళ్ళకన్నా ఇసుకా తుప్పలే ఎక్కువ కనపడతాయి. కానీ బండ్లు లేవు. ఒకపక్క గోడ, ఒకపక్క ఇళ్ళు, జనం లేచి తిరుగుతుంటారు, ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్ళినా ఇబ్బంది ఉండదు. అటు రైలు బ్రిడ్జి మీద రైళ్ళు పోతుంటాయి, ఇటు హైవే వంతెన కనకదుర్గ వారధి మీద లారీల వరస, ఆ రెండూ దూరంగా ఉండి చప్పుడు మాత్రం సన్నగా వినపడుతుంటే పరుగు దానంతటదే సాగుతుంది. గూడ్సు బండి బ్రిడ్జి ఎక్కిందంటే అది దాటేదాకా ఆగకుండా పరిగెత్తాలని నాకు నేను పెట్టుకున్న పందెం. పొడుగాటి గూడ్సు వచ్చిన రోజు చచ్చానన్నమాటే.

దీనికున్న లోపం ఎండ. నది అటు తూర్పు, దక్షిణాలకి తెరుచుకుని ఉంటుంది, చెట్టు నీడ తక్కువ, కాబట్టి సూర్యుడు లేచిన అరగంటకే మొహం మీద కొడతాడు. వేసవిలో ఐదింటికే మొదలుపెట్టి ఆరుకల్లా ముగించెయ్యాలి. చలికాలంలో ఇదే ఎండ వరం. డిసెంబరు, జనవరిల్లో బ్యారేజీ మీద మంచు కమ్మి చలి కొరుకుతుంటే ఇక్కడ వెచ్చగా ఉంటుంది.

మా ఆడపడుచు ఇంటికి దగ్గరైంది పున్నమి ఘాట్, ఆ పక్కన భవానీపురం ఒడ్డు. బ్యారేజీకి ఎగువ కాబట్టి నీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉంటాయి, అందంలో దీనికే మొదటి మార్కు వేస్తాను. ఎదురుగా 133 ఎకరాల భవానీ ద్వీపం పచ్చగా కనపడుతుంది. చాలామంది కొత్తవాళ్ళు ఆ ద్వీపంలోనే పరిగెత్తొచ్చు కదా అనుకుంటారు, కానీ బోటు ఎక్కి దిగేసరికి ఎండ నెత్తికెక్కుతుంది, అది పిల్లల్ని తీసుకెళ్ళే చోటు, మన పనికి కాదు. ఘాట్ మీద అసలు కష్టం మెట్లూ పాకుడూ. దూరం కూడా తక్కువ, అటూ ఇటూ తిరిగితే తల తిరుగుతుంది. నా సలహా ఏంటంటే పరుగు అక్కడ పెట్టుకోకుండా, అక్కడ మొదలుపెట్టి అక్కడ ముగించండి. ఒళ్ళు వేడెక్కించుకోవడానికీ, చివర్లో సాగదీసుకోవడానికీ అంతకన్నా మంచి చోటు ఊళ్ళో లేదు. తడి మెట్ల మీద మాత్రం షూ జారుతుంది. నేను ఒకసారి కార్తీక మాసంలో, దీపాలు పెట్టి నూనె ఒలికిన మెట్టు మీద కాలేసి కూర్చుండిపోయాను. పక్కనున్న ముసలమ్మ "గంగమ్మకి దణ్ణం పెట్టుకోలేదేమో తల్లీ" అంది. నిజమే, పెట్టుకోలేదు.

పది కిలోమీటర్లు, పన్నెండు కిలోమీటర్లు కావాలనేవాళ్ళకి అవతలి ఒడ్డున కరకట్ట రోడ్డు. సీతానగరం దిగి ఉండవల్లి వైపు వెళ్తే ఒకపక్క నది, ఇంకోపక్క అరటితోటలు, కూరగాయల మళ్ళు, ఆశ్రమాలు. కావాలంటే ఉండవల్లి గుహల దాకా వెళ్ళి రావొచ్చు, కొండని తొలిచిన ఆ నాలుగంతస్తులూ పొద్దుటి ఎండలో బెల్లం రంగులో ఉంటాయి. ఫొటోల్లో చూస్తే ఈ దారే నంబర్ వన్. నేను మాత్రం ఒంటరిగా వెళ్ళను, మిమ్మల్ని కూడా వెళ్ళమనను. సన్నటి రోడ్డు, పక్కకి దిగడానికి జాగా ఉండదు, వీఐపీ కాన్వాయ్ వచ్చిందంటే కట్ట వాలులోకి దిగి నిలబడాలి. చీకట్లో కుక్కలు గుంపుగా ఉంటాయి. వెలుతురు వచ్చాక ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే సరే. వెళ్తే రోడ్డుకి కుడిపక్కనే పరిగెత్తండి, ఎదురొచ్చే బండి మీకు కనపడాలి. నేను ఎడంపక్కన పోతూ వెనకనుంచి వచ్చిన మోపెడ్ మీది అరటాకుల కట్ట భుజానికి తగిలి తూలిపడబోయాక నేర్చుకున్న పాఠం ఇది. ఆయన ఆగి, నన్ను కాదు, ముందు ఆకులు చిరిగాయేమో చూసుకున్నాడు.

కాలవ గట్ల గురించి ఎక్కువ చెప్పను. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ మూడూ మన ఊరి మధ్యనుంచే పోతాయి, ఖరీఫ్‌కి నీళ్ళు వదిలాక పారుతున్న కాలవ పక్కన చెట్ల నీడలో పరిగెత్తడం చాలా బాగుంటుంది. నీళ్ళు కట్టేసిన వేసవిలో ముక్కు మూసుకోవాల్సిందే. మధ్యలో ప్రతి వంతెన దగ్గరా రోడ్డు దాటాలి, ఆ ఆగడం నాకు పడదు. మా సత్యనారాయణపురం బీఆర్టీఎస్ రోడ్డు కూడా అంతే, ఇంటి గుమ్మంలో ఉంది కాబట్టి బద్ధకం రోజు వెళ్తాను, అందం కోసం కాదు.

మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు, బరువు ఎక్కువున్నవాళ్ళు, డాక్టరు "నెమ్మదిగా మొదలుపెట్టండి" అన్నవాళ్ళు ఇవన్నీ పక్కన పెట్టి ముందు రెండు నెలలు ఏదైనా గ్రౌండ్‌కి వెళ్ళండి. బందరు రోడ్డులో ఇందిరాగాంధీ స్టేడియం ఉంది, మీ దగ్గర్లో కాలేజీ గ్రౌండ్లు ఉంటాయి, వాటిలో బయటివాళ్ళని రానిచ్చేదీ లేనిదీ ముందు కనుక్కోండి. మట్టి కాళ్ళని క్షమిస్తుంది. వానపడ్డ మర్నాడు మాత్రం వద్దు, రేగడి కలిసిన మట్టి షూకి అంటుకుని ఒక్కో కాలు కేజీ బరువవుతుంది. అందం లేదు, నిజమే. స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో పెట్టిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం చుట్టూ ఉన్న ఆవరణ చూడ్డానికి బాగుంటుంది కానీ అది నడకకి, కుటుంబంతో తిరగడానికి నప్పుతుంది, పరుగుకి కాదు.

కొండలు వేరే లెక్క. ఊళ్ళో ఉన్నది గాంధీ కొండ, రైల్వేస్టేషన్‌కి దగ్గర్లోనే. పైన 52 అడుగుల గాంధీ స్తూపం, 1968లో జాకీర్ హుస్సేన్ ప్రారంభించింది. పైకి పరిగెత్తి ఒకసారి కిందికి చూస్తే స్టేషన్, పట్టాలు, ఊరు, నది అన్నీ ఒక్క చూపులో కనపడతాయి. దూరం తక్కువైనా ఎత్తు వల్ల అరగంటలో గంట పని అవుతుంది. గేటు వేళలు ముందురోజే కనుక్కుని వెళ్ళండి. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద మాత్రం పరుగు వద్దు, అది భక్తుల దారి, చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళ మధ్య మనం షూ టకటకలాడించుకుంటూ పోతే బాగోదు. పౌర్ణమి రోజు కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ ఉంటుంది, కుమ్మరిపాలెం, సితార సెంటర్, చిట్టినగర్ మీదుగా, దానికి వెళ్ళండి, నడకా అవుతుంది, పుణ్యమూ వస్తుంది.

నాకు నచ్చిన కొండ మంగళగిరి. ఏనుగు పడుకున్నట్టుండే కొండ, పానకాల స్వామి గుడి దాకా ఘాట్ రోడ్డు, మెట్లు రెండూ ఉన్నాయి. రోడ్డు మీదుగా ఎక్కి మెట్ల మీదుగా దిగుదామనుకుంటారు అందరూ, అది తప్పు. దిగేటప్పుడే మోకాలి మీద బరువు పడుతుంది, కాబట్టి మెట్లు ఎక్కండి, రోడ్డు దిగండి. పైన స్వామికి పానకం పోస్తే సగం తాగి సగం వదిలేస్తాడని నమ్మకం. ఆ మిగిలిన పానకం ప్రసాదంగా ఇస్తారు. బెల్లం, మిరియాలు, యాలకులు, చెమట కారిన ఒంటికి అది పడితే రంగునీళ్ళ సీసాలు ఎందుకు కొంటున్నామా అనిపిస్తుంది. కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు అడవిలోంచి పోతుంది, నెలకోసారి, జట్టుగా.

గుంటూరు వాళ్ళకి నది లేదు, ఆ బాధ వాళ్ళు ఒప్పుకోరు. మా పెద్దమ్మ కొడుకు అక్కడే ఉంటాడు, "మాకు కొండవీడు ఉందిగా" అంటాడు. నిజమే, రెడ్డిరాజుల కోట దాకా మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు, చలికాలం పొద్దున్న దానికి సాటి లేదు. కానీ రోజూ వెళ్ళేది కాదు. రోజువారీకి బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం. అందం కావాలంటే ఊరికి దగ్గర్లో ఉప్పలపాడు, చెరువులోని చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. ఆ ఊరి రోడ్ల మీద పరిగెత్తి చెరువు దగ్గర ఆగండి, చెరువు గట్టు మీదే పరిగెత్తి పక్షుల్ని లేపకండి. ఇంకొక్కటి, మిర్చి సీజన్లో యార్డు వైపు రోడ్లు మాత్రం ఎంచుకోకండి. మామూలుగా నడిస్తేనే గొంతులో మంట, పరిగెత్తి గట్టిగా గాలి పీలిస్తే తుమ్ములతోనే సరిపోతుంది.

ఇప్పుడు సముద్రం. ఏడాదికి ఐదారుసార్లు మేం తెల్లవారుజామున నాలుగింటికి కారేసుకుని బయల్దేరతాం, సూర్యలంకకి. గుంటూరు నుంచి బాపట్ల 50 కిలోమీటర్లు, బాపట్ల నుంచి బీచ్ ఇంకో 9. మనకి రెండు గంటల ప్రయాణం. చలికాలంలో అయితే సరిగ్గా సూర్యోదయానికి ఇసుక మీద ఉంటాం. రైల్లో అయినా బాపట్ల దిగి ఆటోలో వెళ్ళిపోవచ్చు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నాకేం తెలీదు. సినిమాల్లో చూపించినట్టు చెప్పుల్లేకుండా హాయిగా పరిగెత్తుదామని దిగాను. అప్పుడు నిండు పోటు. అలలు పైదాకా వచ్చేశాయి, గట్టి ఇసుక మొత్తం నీళ్ళకింద ఉంది, మిగిలింది పైనున్న పొడి ఇసుక. అడుగేస్తే మడమ దిగిపోతోంది. పంతం కొద్దీ మూడు కిలోమీటర్లు అలాగే లాగాను. మర్నాడు పిక్కలు రాళ్ళయిపోయి మా ఇంటి మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చింది, పిల్లలు అది వీడియో తీశారు. అక్కడ వల సర్దుకుంటున్న ఒకాయన ఆ రోజే చెప్పాడు, "పోటులో పరిగెత్తితే ఎట్టా అమ్మా, నీళ్ళు తీశాక రావాల" అని.

ఆ మాటలోనే అంతా ఉంది. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. మర్నాటికి ఆ వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి ఈ ఆదివారం ఆరింటికి నీళ్ళు వెనక్కి వెళ్ళి ఉంటే వచ్చే ఆదివారం ఆరింటికి పోటు మీద ఉండొచ్చు. బయల్దేరే ముందురోజు ఫోన్లో ఆటుపోట్ల వేళలు చూసుకోండి, బాగా ఆటు ఉన్న వేళకి గంట ముందు మొదలుపెట్టండి. అమావాస్య, పౌర్ణమిలకి దగ్గరి రోజుల్లో నీళ్ళు ఇంకా వెనక్కి పోతాయి, అప్పుడు బయటపడే తడి ఇసుక మీద కాలు ముద్ర సగం లోతు కూడా పడదు, అడుగు వేయగానే చుట్టూ ఒక క్షణం తెల్లగా పొడారి మళ్ళీ తడుస్తుంది. ఆ పట్టీ మీద పరిగెత్తాలి. అది దొరికిందంటే బ్యారేజీ కాంక్రీటూ ఎందుకూ పనికిరాదు, గ్రౌండ్ మట్టీ పనికిరాదు. షూ వేసుకునే పరిగెత్తండి, గవ్వలూ గాజుపెంకులూ ఉంటాయి. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు పల్లంలో పడుతుంది. ఎంత దూరం వెళ్ళారో అంతే దూరం అదే వాలు మీద వెనక్కి వస్తే రెండు కాళ్ళకీ సమానం అవుతుంది.

పరుగయ్యాక స్నానం అంటూ లోపలికి వెళ్ళకండి. అలిసిన కాళ్ళతో దిగి కొట్టుకుపోయిన వార్తలు ఆ తీరం నుంచి ఏటా చదువుతూనే ఉన్నాం. వాయుగుండం వార్త ఉన్న వారం అసలు వెళ్ళొద్దు.

మంగినపూడి మనకి ఇంచుమించు అంతే దూరం, బందరు దాటి 11 కిలోమీటర్లు. అక్కడిది నల్లమట్టి, అంటుకుంటుంది, లోతు తక్కువ కాబట్టి పిల్లలకీ కార్తీక స్నానాలకీ మంచిది, పరుగుకి నేను ఎంచుకోను. చీరాల పక్కన వాడరేవు ఇసుక బాగుంటుంది కానీ పడవల తాళ్ళు ఒడ్డుకి అడ్డంగా కట్టి ఉంటాయి, వెలుతురు సరిగా లేనప్పుడు కాలికి తగిలితే ముక్కు పగులుతుంది. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి చూసి తీరాల్సిన చోటు, కానీ పరుగుకి మరీ నిర్మానుష్యం. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరమంతా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు గుడ్లు పెట్టిపోతాయి, పైనున్న పొడి ఇసుక తొక్కకుండా తడి పట్టీ మీదే ఉండటానికి అదో కారణం.

ఎక్కడికి వెళ్ళినా ఉప్పు వేసిన మజ్జిగో, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళో ఒక సీసా వెంట ఉండాలి. మన ఊళ్ళో గాలిలోనే నీళ్ళుంటాయి, చెమట ఆరదు, జనవరిలో కూడా. చెవిలో పాటలు ఒక చెవికే. చీకట్లో వెళ్తే లేత రంగు బట్టలు, ఇంట్లో ఎవరికైనా లొకేషన్.

ఇదంతా ఫోన్లో పంపితే మా ఆడపడుచు ఓపిగ్గా చదివి, "ఇంత చెప్పావు సరే, నేనెక్కడికి వెళ్ళాలి?" అంది. తనకి ముప్పై ఆరేళ్ళు, మోకాళ్ళు బాగానే ఉన్నాయి, ఎనిమిదిన్నరకి ఆఫీసు, పొద్దున్నే లేచే అలవాటు లేదు. అందుకని సోమవారం నుంచి శుక్రవారం దాకా మూడు రోజులు, ఏవైనా సరే, కృష్ణలంక గోడ పక్కన. భవానీపురం నుంచి స్కూటీ మీద రావాల్సిందే, ఆ పది నిమిషాలు భరించమన్నాను. శనివారం సెలవు. ఆదివారం ఐదుంపావుకి బ్యారేజీ, అయ్యాక పున్నమి ఘాట్. సముద్రం డిసెంబరులో. ఆమె కరకట్ట ఫొటోలు చూసి అక్కడికే వెళ్తానంది, నలుగురు దొరికాక వెళ్దాం అన్నాను, ఇప్పటికి ఇద్దరం ఉన్నాం.